రమణమ్మ ఎడమ చెయ్యి

మంగళవారం, ఆత్మకూరు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రమణమ్మ ఎడమ చెయ్యి వాచింది. నెలగా రోజూ నేనే మర్దన చేస్తున్నాను. వాపు టేపుతో కొలిచి ఈ డైరీలో రాసుకున్నాను. నొప్పిగా ఉందా అని అడగలేదు.

ఈరోజు నెల్లూరులో ఫిజియోథెరపీ అమ్మాయి నేను చేసేది చూసి ఆపింది. “ఏంది పెద్దాయనా, పిండి పిసికినట్టు! చర్మం కదిలేలా నిమిరితే చాలు.” వాపు పూర్తిగా పోదట, పెరగకుండా చూసుకోవడమేనట.

తిరుగు బస్సులో అడిగాను. “నొప్పని చెప్పలేదేందే?”

“చెప్తే మానేస్తావు. పెళ్లయినాక నువ్వు నా చెయ్యి పట్టుకునింది ఈ నెలే గదయ్యా.”



ఇంటికొచ్చి మెల్లగా నిమిరాను. పావుగంట చాలని ఆ అమ్మాయి చెప్పింది. పావుగంట దాటినా రమణమ్మ చెయ్యి తీసుకోలేదు. నేనూ వదల్లేదు.