మల్లి చోటు

బుధవారం, అర్ధవీడు

ఒళ్ళు మండిపోతోంది. ఫోన్లో ఆడే యుద్ధం ఆటలో నా మల్లి చచ్చిపోయింది. ఒకసారి చస్తే ఇంక తిరిగి రాదు, అదీ ఈ పాడు ఆట రూలు. గాయాలు మాన్పే పిల్ల అది, ఒట్టి బలహీనం. వెనక దాచిపెడితే లెవెల్ పెరగదు, ముందుకు తెస్తే ఒక్క బాణానికే పోతుంది. మరి ఎట్ల పెంచాలంట? నా జట్టులోనే ఉన్న గుర్రమోడేమో మొదటిరోజు నుంచీ ఒక్కడే అందర్నీ నరుకుతాడు. వాడొక్కడే చాలనుకుంటే మిగతావాళ్ళని ఎందుకు పెట్టినట్టు?

అంతకన్నా మంట ఏందంటే, వెంటనే ఆటలో ఇంకో వైద్యురాలిని ఊరికే ఇచ్చినారు. మల్లి కంటే ఎక్కువ లెవెల్! ఇరవై రోజులు నేను పడిన కష్టం దేనికి?

నా గోల విని, గొర్రెల్ని దొడ్లోకి తోలుతా నాయన అన్నాడు, "మంచిదాన్నే ఇచ్చినారు గదమ్మా, తీసుకో. ఆ కోపం ఏంది?"

"పిల్ల చచ్చిన గొర్రెకి మొన్న ఇంకో పిల్లని పాలకు వదిలితివే, ఏం చేసింది నాయనా?"

"కుమ్మి నెట్టేసింది" అని తల తిప్పుకున్నాడు.

మల్లి చోటు ఖాళీగా వదిలేసి యుద్ధానికి పోయినాను. ఓడినాను. రేపూ అట్లనే పోతాను.