కుస్కోలో అనాక్లెతో చూసిన వింతలు

కుస్కో, సోమవారం

ముసలోడా,

నా నెత్తిమీద ఎవరో కూర్చుని మొక్కజొన్నలు దంచుతున్నట్టుంది. ఆ ఒక్కటి తప్ప క్షేమమే. మదర్ ఎస్కొలాస్తికా గంటకోసారి కోకా ఆకు కషాయం తాగిస్తోంది. "సముద్రం ఒడ్డు వాళ్ళంతా ఇంతేనమ్మా. ఇంత ఎత్తు కొండల మీదికొచ్చి రైలు దిగీ దిగగానే పరిగెత్తుతారు, మా మంచాలు నింపుతారు" అంటోంది. నేనెక్కడ పరిగెత్తాను, నువ్వు పరిగెత్తించావు. రైలు దిగి గంట కాకముందే మూడు చర్చిలు చూసెయ్యాలన్నావు. రెండోదాని మెట్ల మీద నేను కూలబడ్డాను.

ఇది కన్యాస్త్రీలు నడిపే ఆడవాళ్ళ ఆసుపత్రి. ఆదివారం దాకా మగవాళ్ళని లోపలికి రానివ్వరు. అయినా నిన్న సాయంత్రమంతా వాకిట్లో నీ బూట్లు టకటకలాడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడుకి నాకు అందుతున్న కాస్త ఊపిరీ అందకుండా పోయింది. ముప్ఫై ఏళ్ళు కయావో రేవులో ఓడల్ని లాగావు. రిటైరయ్యాక కూడా ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు, మనింట్లో కుర్చీలన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. ఇక్కడ పచార్లు చేసి నన్ను చంపకు. పోయి ఊరు చూడు. చూసింది చూసినట్టు రాయి. గుమ్మం పక్క గోడలో తిరిగే చెక్క అర ఉంది. అందులో ఉత్తరం పెడితే లోపలికి తిప్పుకుంటారు.

నీ డొమితిల

తా.క. చూడాల్సినవని నువ్వు రాసుకున్నవి ఇరవై ఏడు. అవన్నీ అయ్యేదాకా నేను చచ్చినా మా ఆయన పాతిపెట్టడని మదర్‌తో చెప్పాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

*

కుస్కో, మంగళవారం

నా ముసల్దానా,

నీ మాట జవదాటలేదు. పొద్దున్నే పన్నెండు మూలల రాయి చూశాను. నిజంగానే పన్నెండు, రెండుసార్లు లెక్కపెట్టాను. దానికీ పక్క రాళ్ళకీ మధ్య సూది కూడా దూరదు. తర్వాత కొరికాంచలో సూర్యుడి గుడి గోడలు చూశాను. అద్భుతం. అంతకంటే రాయడానికి మాటలు లేవు.

రేపు మధ్యాహ్నం సక్సైవామన్ కోట ఎక్కుతాను. అన్నిటికంటే పెద్ద బండ దగ్గరే సాయంత్రం దాకా ఉంటాను. నా గురించి బెంగపడకు, కాళ్ళు హాయిగా ఆడుతున్నాయి. నువ్వు కషాయం పారబొయ్యకుండా తాగు.

నీ అనాక్లెతో

తా.క. ఊపిరి ఎలా ఉంది? కింద పడుకుంటే అందుతోందా, తలగడ ఎత్తు పెడితే అందుతోందా? నిన్న భోజనం తిన్నావా, ఎంత తిన్నావు? ఊరికే అడుగుతున్నాను.

*

కుస్కో, గురువారం

అనాక్లెతో,

తలనొప్పి తగ్గింది. నిన్న కోట ఎలా ఉంది? ఎంతసేపున్నావు? ఎండా, వానా? మంచంలో ఉన్నదాన్ని, ఇలాంటివి తెలుసుకుంటే కాలక్షేపం.

డొమితిల

తా.క. ఎండో వానో తప్పకుండా రాయి.

*

కుస్కో, గురువారం సాయంత్రం

నా ముసల్దానా,

ఎండంటే అలాంటిలాంటి ఎండ కాదు, టోపీ కాలిపోయింది. ఆ బండ నీడలో నాలుగు గంటలు కూర్చుని నీ గురించే ఆలోచించాను. ఫిలొమెనా ఇచ్చిన మొక్కజొన్న కంకి, ఉప్పు చీజు తిన్నాను. మంచి మనిషి. నా కష్టసుఖాలన్నీ అడిగింది.

రేపు తొమ్మిదింటికి సాన్ బ్లాస్ చర్చిలో చెక్కతో చెక్కిన ప్రసంగ వేదిక చూస్తాను.

నీ అనాక్లెతో

తా.క. నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఈ కొండగాలి ముందు ఊపిరిని, తర్వాత బుర్రని పడుతుందట. మన పిల్లి పేరు గుర్తుందా? వెంటనే రాయి.

*

కుస్కో, శుక్రవారం

సెన్యోర్ అనాక్లెతో గారికి,

పిల్లి పేరు పంచో. పెళ్ళాం పేరు తమరికి గుర్తుందా?

బుధవారం మధ్యాహ్నం కోట మీద ఉసిరికాయలంత వడగళ్ళు పడ్డాయి. ఊళ్ళో మాత్రమే ఎండ. ఇవాళ తొమ్మిదింటికి సాన్ బ్లాస్ వేదిక కింద తమరు లేరు. నాకెలా తెలుసని అడక్కండి. ఫిలొమెనా ఎవరో అది మాత్రం చెప్పండి. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో నా కష్టసుఖాలు తమరు ఒక్కసారి అడిగారా?

రేపటి రైలుకి నేనొక్కదాన్నే వెళ్ళిపోతాను.

డొమితిల

తా.క. తిరుగు టికెట్లు నా సంచిలోనే ఉన్నాయి. తమరు ఆ కంకి తింటూ ఇక్కడే ఉండిపోవచ్చు.

*

కుస్కో, శుక్రవారం, నాలుగు గంటలు

డొమితిలా,

జబ్బు నీ బుర్రకెక్కింది. మంచంలో ఉన్నదానివి సాన్ బ్లాస్‌లో నేను లేనని కళ్ళారా చూసినట్టు రాశావు. అర దగ్గర మదర్‌ని అడిగితే "ఆవిడ మంచంలో లేదు నాయనా" అని అర తిప్పేసింది. లేకపోవడమంటే ఏమిటి? ఎక్కడికి మార్చారు? ఫిలొమెనా కంకులమ్ముకునే అవ్వ. డెబ్భై ఏళ్ళుంటాయి, పళ్ళు మూడే. రైలెక్కు, నన్ను వదిలెయ్, ఏమైనా చెయ్యి. లేచి నడిస్తే చాలు.

అనాక్లెతో

తా.క. నీ కష్టసుఖాలు నేను అడగని మాట నిజమే. అది జబ్బు మాట కాదు.

*

కుస్కో, శనివారం

ముసలోడా,

మంగళవారమే డాక్టరు నన్ను లేపి నడిపించాడు. నిదానంగా తిరగమన్నాడు. నిన్ను ఆశ్చర్యపరుద్దామని వంటింటి వైపు దొడ్డి గుమ్మంలోంచి బయటపడ్డాను. కోట ఎక్కాను, వడగళ్ళ దెబ్బలు తిన్నాను, నువ్వు లేవు. సూర్యుడి గుడిలో లేవు, సాన్ బ్లాస్‌లో లేవు. కోపంతో, ఆ తర్వాత భయంతో, నిన్ను వెతుక్కుంటూ పదకొండు చోట్లు తిరిగాను. నీ పుణ్యాన కుస్కో అంతా చూశాను.

ఇవాళ పొద్దున వంటింటి తలుపు వేసి ఉంటే చుట్టూ తిరిగి ముందు గుమ్మానికి వచ్చాను. ఎదురుగా అరుగు మీద నువ్వు. టోపీ ముక్కు మీదికి జారి నిద్రపోతున్నావు. ఒళ్ళో గైడు పుస్తకం, కొరికాంచ పేజీ తెరిచి ఉంది. పక్కనే గంప ముందు ఫిలొమెనా.

"ఈయన ఎప్పటినుంచి ఇక్కడ?" అని అడిగాను.

"సోమవారం నుంచమ్మా. లేవమంటే లేవడు. అదిగో, ఆ పై కిటికీ మా ఆవిడదని దాన్నే చూస్తుంటాడు. నువ్వేనా ఆ ఆవిడ? ఇంకా పెద్దదానివనుకున్నా. అంత దిగులు పడుతున్నాడు మరి."

ఆ కిటికీ నాది కాదు. అది దుప్పట్లు ఆరేసే గది. అయిదు రోజులు దుప్పట్లను చూస్తూ కూర్చున్నావు. నువ్వు. ఒకచోట.

ఈ ఉత్తరం నీ అరుగు రెండో చివర కూర్చుని రాస్తున్నాను. నిన్ను లేపబుద్ధి కావడం లేదు.

నీ డొమితిల

తా.క. మదర్ ఎస్కొలాస్తికా వచ్చి నీ పెదాలు చూసింది. నీలంగా ఉన్నాయట, ఆ కొండగాలి జబ్బే. వీధి చివర మగవాళ్ళ ఆసుపత్రిలో నీకు మంచం చెప్పింది. అక్కడికి ఆడవాళ్ళని రానివ్వరు. జాబితాలో మిగిలినవన్నీ చూసి రోజూ నీకు రాస్తాను. ఏ అరుగు మీంచి రాశానో మాత్రం అడగకు.