ఎడమ అంచున చుక్క

మార్చి 9, సోమవారం

అమ్మకు,

పొద్దున ల్యాబుకు వచ్చేసరికి ప్రభుత్వం తేబోయే నిబంధన ముసాయిదా నా బల్ల మీద ఉంది. అందులో మా గ్రాఫు, మేం తేల్చిన అంకె! ఎగిరి గంతేయాల్సినదాన్ని, కుర్చీలో కూలబడ్డాను.

నేను క్షేమం. నువ్వు, నాన్న, బుడ్డిది కులాసాగా ఉన్నారనుకుంటాను.

వేళకే తింటున్నాను. స్వెట్టర్ కొన్నాను. "సర్కారు సొమ్ముతో అక్కడ ఏం వెలగబెడుతున్నారే?" అన్నావు కదా. వేరుశెనగ పడనివాళ్లకు డాక్టరు పక్కన ఉండగా గంజిలో పొడి కలిపి పెడతాం. పెదవి దురద పెట్టేదాకా కొంచెం కొంచెం పెంచుతాం. ఎవరికి ఎంతలో పడలేదో గ్రాఫులో ఒక్కో చుక్క పెడతాం. ప్యాకెట్‌లో వేరుశెనగ నూటికి తొంభై అయిదుగురు తట్టుకునేంతే ఉంటే, ఇకమీదట దాని మీద హెచ్చరిక అక్కర్లేదట. దాన్ని 'లేశం' అని రాశారు. నిన్నటిదాకా ఎంత ముద్దొచ్చేదో ఆ మాట.

గ్రాఫులో ఎడమ అంచున, అంటే అందరికంటే తక్కువ మోతాదు దగ్గర, ఒంటరిగా ఒక చుక్క ఉండేది. ముసాయిదాలో లేదు. మా మేడమ్‌ని అడిగాను.

"ఆ ఒక్కరి కోసం హద్దు గీత జరిపితే ప్రతి ప్యాకెట్ మీదా హెచ్చరికే. అప్పుడిక ఎవరు చదువుతారమ్మాయ్? అందుకే పక్కన పెట్టాం."

"ఆ ఒక్కరూ తింటే?"

"లెక్కతో వాదించు. ఏడుపు మొహంతో కాదు."

ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే భయంగా ఉంది.

అమ్మా, తిట్టకు. ఆ చుక్క నేనే. ఇక్కడ పనిలో చేరకముందు పరీక్షకు ఒప్పుకుని వచ్చాను. మొదటి చెంచాకే గొంతు మూసుకుపోయింది. తొడలో సూది వేసి బతికించారు. కాలేజీలో పరీక్షలున్నాయి, ఫోన్ చేయొద్దని నీతో అబద్ధమాడింది ఆసుపత్రి మంచం మీద నుంచే. పరీక్షకు వచ్చినవాళ్లకు ఇక్కడ పేర్లుండవు, కోడ్‌లే. అది నేనని మేడమ్‌కి తెలియదు.

కొత్త నిబంధన వస్తే, హెచ్చరిక లేని బిస్కెట్లు బుడ్డిదానికి ధైర్యంగా కొనొచ్చా అని అడిగావు. అది అప్పుడే ఆ బిస్కెట్ల పేర్లు వల్లెవేస్తోందనీ రాశావు. దీనికి జవాబు రాయలేక ఇంతసేపూ ఏవేవో రాశాను. కొనొద్దమ్మా. దానికి నాకంటే తక్కువలోనే పడదు.

రేపు పొద్దున ప్రజాభిప్రాయ సేకరణ. మేడమ్ వేదిక మీద ఉంటారు. అంకె మారుతుందన్న ఆశ లేదు, నా పని ఉంటుందన్న నమ్మకమూ లేదు. అయినా ముందు వరుసలో కూర్చుంటాను. నా వంతు రాగానే గ్రాఫు చూపే తెర దగ్గరకెళ్లి, ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఉండాల్సింది నేనే" అంటాను.

ఇట్లు,
బుడ్డిదాని అక్క