అల్మాజ్ పెట్టిన కూత

తమ్ముడు గంగులుకు, కువైట్ నుంచి ఓబులమ్మక్క రాసేది. నేను బాగుండా, దిగులొద్దు.

నాతో పనిచేసే ఇథియోపియా ఆమె అల్మాజ్, నిన్న ఫోన్ చూసి, నాలుక ఆడిస్తా ఇల్లదిరేటట్టు కూత పెట్టింది. ఎవురో పోయినారని నేను ఏడుపెత్తుకుంటి. మా మేడమ్, ఈడ పనోళ్లం మామా అని పిలిచేది ఆమెనే, పరిగెత్తుకొచ్చి తానూ అదే కూత పెట్టి, "పెళ్లెవరికి?" అనింది. ఈళ్లకది సంబరమొస్తే పెట్టే కూతంట. పెళ్లి కాదంట! ఆఫ్రికా పిల్లోళ్లకని లండన్‌లో ఒక యూనివర్సిటీ ఇచ్చే స్కాలర్‌షిప్పు అల్మాజ్ కూతురు కొట్టేసిందంట. ముందు ఆ స్కాలర్‌షిప్పుతో చదివిన ఆడపిల్లోళ్లే అక్కల మాదిరి పక్కనుండి దారి చూపుతారంట.

నా బిడ్డ రెడ్డెమ్మకు నువ్వే దారి చూపాల. సంబంధమంటా వచ్చేటోళ్లకు బిడ్డ చదువుకోవాలని వాకిట్లోనే చెప్పి పంపెయ్. ఆవు ఈనిందా? అమ్మకు మోకాళ్ల నూనె పంపిస్తాండా. పిల్లోళ్లకు దీవెనలు.

రెడ్డెమ్మకు సీటొచ్చిన రోజు మన వీధి అదరాల. ఆ కూత ఇప్పట్నుంచే నేర్చుకుంటాండా.