రెండు సీసాల్లోనూ బోరు నీళ్లే

టేకులపల్లి,
మంగళవారం.

బిడ్డ ఫ్లోరెన్సుకు నాయన దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా ప్రభువు దయతో తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను.

ఖాళీ సీసాల డబ్బా, అందులో నువ్వు పెట్టిన చీటీ అందాయి. అమ్మ దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఇంటి మీద రేకులు మార్చావా అని అడిగావు. రెండు మార్చాను, మూడోది వానలు పోయాక. పత్తి బాగానే ఉంది. మీ పెద్ద సారుకు దండం చెప్పు.

ఇంకో మాట అడిగావు. బోరు నీళ్ల సీసాలోనూ, ఆ నీళ్లు వడగట్టే డ్రమ్ము నుంచి పట్టిన సీసాలోనూ రెండు నెలలుగా ఫ్లోరైడ్ ఒకటే అంకె వస్తోంది, దాన్ని పట్టుకునే లోపలి బొగ్గు పని అయిపోయిందా నాయనా అన్నావు. ఫోనులో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

బొగ్గు పని అయిపోలేదు. డ్రమ్మే లేదు. రెండు సీసాల్లోనూ బోరు నీళ్లే పట్టి పంపాను.

మొదటి నుంచి చెప్పాలి. బోరు దగ్గర డ్రమ్ము పెట్టే ముందు నువ్వు నాకు ఒక్కటే పని చెప్పావు. ఇది చచ్చిన పశువుల బొక్కలు గాలి తగలకుండా కాల్చి చేసిన బొగ్గు, ఊరికి ఆ మాట చెప్పు, ఒప్పుకుంటేనే పెడదాం అన్నావు. ఊరిని పిలిచి నేను బడి ముందు నిలబడ్డాను. అందరూ నా వైపే చూశారు. మంగయ్య పటేల్ "ఏందది ఆంథోనీ, నల్లగున్నది" అన్నాడు. "బొగ్గు పటేలా" అన్నాను. "గని బొగ్గా?" అని ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. అంతే. నీకు మాత్రం "చెప్పాను, ఒప్పుకున్నారు" అని రాశాను.

ఏడాది తాగారు. ముసలివాళ్లకు నడుము నొప్పులు తగ్గాయి. వాసు కూతురు హర్షితకు వంకర కాళ్లు కొంచెం దగ్గరికి వచ్చాయి. నువ్వు నేర్పినట్టు పాదాలు కలిపి నిలబెట్టి, రెండు మోకాళ్ల మధ్య సందును దారంతో కొలిచి తుంచి నీకు పంపేవాణ్ణి. పోయిన క్రిస్మస్‌కు పంపిన తెల్లదారం అన్నిటికన్నా పొట్టిది. దాని మీద నువ్వు ఒక సంతోషపు ఉత్తరం రాశావు. అది బైబిల్లో దాచాను.

జూన్‌లో ఒక పొద్దున బోరు దగ్గర పదిమంది ఉన్నారు. నీకు ఏదో బహుమతి వచ్చిందని బడి సారు చెబుతున్నాడు. మంగయ్య పటేల్ బిందె నింపుకుంటూ, "సదివి సదివి బొగ్గు నీళ్లు తాపింది ఈని బిడ్డ. వీళ్లయ్య మా చచ్చిన ఎడ్లను గుంజిండు, ఈడూ గుంజిండు. ఇన్నేండ్ల సంది మీరు మా ఊరికి ఇచ్చింది ఏందిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తలెత్తాను.

"మీ మచ్చ ఎద్దు బొక్కలే పటేలా, ఏడాది సంది మీరు తాగేది" అన్నాను.

ఆ ఎద్దు చచ్చినప్పుడు ఆయనే కబురు పెట్టాడు. ఈడ్చుకుపోయింది నేనే. కాల్చిందీ నేనే. తెల్లబడనివ్వకుండా, నువ్వు చెప్పినట్టు నల్లగా.

ఒకాయన అక్కడే కక్కుకున్నాడు. వాసు గడ్డపార తెచ్చాడు. డ్రమ్ము మూడు పోట్లకు పగిలింది. నేలమీద పడిన ఆ నల్ల బొగ్గు గింజలన్నీ నా చేత్తోనే ఏరించారు, బోరు గద్దె ఫినాయిలుతో కడిగించారు. మీ అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని ఏరింది.

మిగిలిన అరబస్తా గింజలు ఇంట్లో ఉన్నాయి. కుండ అడుగున గుడ్డ, ఇసుక, పైన గింజలు పోసి మేమిద్దరం ఆ నీళ్లే తాగుతున్నాం.

ఇక్కడిదాకా నువ్వు తిట్టినా పడతాను. అసలుది ఇంకా రాయలేదు.

పది రోజులకు మిట్టమధ్యాహ్నం సునంద వచ్చింది, హర్షిత వాళ్ల అమ్మ. వాసు చేనుకు పోయాడు. కొంగు కింద బిందె పెట్టుకుంది.

"పెద్దయ్యా, పిల్ల మోకాళ్లు మల్ల గుంజుతున్నయంటది. ఒక్క బిందె పొయ్యి. ఎవ్వలకు చెప్పకు."

"మీ ఆయన గడ్డపార తెచ్చిండు గదా. ఆయన్నే అడుగు."

"పిల్లకేం దెలుసు పెద్దయ్యా."

"బొక్కల నీళ్లు మీకెందుకమ్మా, పో."

మరునాడు మళ్లీ వచ్చింది. అదే మాట అన్నాను. మూడోనాడు ఆమె గుమ్మం దాకా రాకముందే తలుపు వేశాను. కుండ నిండుగా ఉంది. సందులోంచి చూశాను. చాలాసేపు నిలబడి ఖాళీ బిందెతో పోయింది. నాకు అప్పుడు బాగుంది, బిడ్డా. కడుపు నిండినట్టు ఉంది. అది నీకు చెప్పాలి.

ఆ రోజు మీ అమ్మ అన్నం వడ్డించి, పక్కన నీళ్లు పెట్టలేదు. "లేచి తెచ్చుకో, నీ నీళ్లే గదా" అంది.

వారం తరువాత నేనే కుండెడు నీళ్లు నెత్తిన పెట్టుకుని వాళ్లింటికి పోయాను. వాసు వాకిట్లో ఉన్నాడు. సునంద నా వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, కుండ దించి ఆ నీళ్లన్నీ నా కాళ్ల ముందే పారబోసింది. "మాకొద్దు" అంది. తరువాత ఇంకో రెండుసార్లు పోయాను. తలుపు తీయలేదు.

నువ్వు రాసే పుస్తకంలో ఈ రెండు నెలల అంకెలు వేయకు. మా ఊరు ఒప్పుకున్నది అని కూడా రాయకు. మీ పెద్ద సారు అడిగితే మా నాయన అబద్ధం రాశాడని చెప్పు.

ఈ పొద్దున హర్షిత బడికి పోతూ మన ఇంట్లోకి వచ్చింది. వాళ్ల అమ్మకు తెలియదు. గోడకు వీపు ఆనించి, పాదాలు కలిపి తనే నిలబడింది.

"తాతా, దారం దియ్యవా? ఫ్లోరెన్సక్క ఎదురుచూస్తది."

తీశాను. తుంచాను.

"తగ్గిందా తాతా?"

"తగ్గింది" అన్నాను. ఎగిరి గంతేయబోయి, మోకాలు పట్టుకుని ఆగింది. మెల్లగా నడిచి పోయింది.

కవరులో ఎర్రదారం పెట్టాను. తెల్లది నీ దగ్గర ఉంది. పక్కపక్కన పెట్టి నువ్వే చూడు.

ఇట్లు,
నీ నాయన
ఆంథోని