ఏటవాలు కోత

అక్కా,

ఫోను చేసి, నీ గొంతు వినగానే పెట్టేశాను. అందుకే ఇది రాసి మా ఆఫీసు జీపు డ్రైవరు చేతికిస్తున్నాను. చదవగానే బావనీ పిల్లల్నీ తీసుకుని కొండ దిగిపో. కుట్టుమిషను సంగతి తర్వాత చూద్దాం.

నా పని నీకు తెలుసుగా, మీ కొండ ఎప్పుడో కక్కిన పాత లావా రాళ్ళను కాగితమంత పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూడటం. కొండ అడుగున కొత్త శిలాద్రవం చేరితే రాతిలోని స్ఫటికాల చుట్టూ ఒక అంచు పడుతుంది. కొండ పేలేదాకా అది పెరుగుతూనే ఉంటుంది. ఆ వెడల్పు కొలిస్తే అప్పట్లో ఎన్నాళ్ళ గడువు దొరికిందో తెలుస్తుంది. ఈసారీ అంతే ఉంటుందని లెక్కవేసి, ఎనిమిది నెలలని తేల్చింది నేనే. పది రోజులుగా కొండ కదులుతున్నా మీరంతా నిశ్చింతగా ఉన్నది ఆ మాట పట్టుకునే.

నిన్న కొలతలు మళ్ళీ చూస్తే తప్పు బయటపడింది. నేను కొలిచిన స్ఫటికాల్లో సగానికి పైగా ఏటవాలుగా తెగినవే. దోసకాయను ఏటవాలుగా కోస్తే తొక్క మందంగా కనబడదూ? అదే జరిగింది. తిన్నగా తెగినవాటినే లెక్కలోకి తీసుకుంటే గడువు మూడు వారాలే! అందులో పది రోజులు అయిపోయాయి. నిన్నటి నుంచి పెద్దసారు గది దాకా నాలుగుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. చెబితే ఉద్యోగం, పరువు రెండూ పోతాయి. ముందు నువ్వు బయటపడు. ఎవరికీ చెప్పకు.

నీ చెల్లి

*

ఒసేయ్ పిచ్చిమొహమా,

డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు, హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

పిల్లల్ని బావతో పంపించేశాను. నేను మాత్రం కదలను. ఈ వీధిలో నలభై ఇళ్ళు. "మా చెల్లి లెక్క కట్టింది, భయం లేదు" అని అందరికీ చెప్పింది నేనేనే! ఎదురింటి బాలింత సామాను సర్దుకుంటుంటే ఆపింది నేనే. ఇప్పుడు ఆమె చూస్తుండగా మూట పట్టుకుని ఎలా పోను? నువ్వు చెప్పొద్దన్నా వెళ్ళి చెప్పాను. "మీ చెల్లెలే ఎనిమిది నెలలంది కదమ్మా" అని నన్నే ఓదార్చి పంపింది. నువ్వు చెబితే తప్ప వీళ్ళు నమ్మరు. నువ్వు చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను.

ఉద్యోగం పోతే పోనీ. నా పక్కన కూర్చుని కాజాలు కుడుదువుగాని.

అక్క

*

అక్కా,

చెప్పేశాను. అందరూ ఉండగానే రాతి పలకలు బల్ల మీద పెట్టి, తప్పు కొలిచానన్నాను. పెద్దసారు ముఖం మాడిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"ఎవరికైనా చెప్పారా?"

"మా అక్కకి. ఒక్కదానికే."

సిగ్గుతో చచ్చిపోయాననుకో. నన్ను పనిలోంచి తప్పించారు. హెచ్చరిక మాత్రం నా సంతకంతోనే వెళ్ళాలన్నారు. ఒక్కొక్కటీ నా చేత్తోనే రాశాను, వేళ్ళు కొంకర్లు పోయాయి. గంటలో బస్సులు వస్తున్నాయి. ఈ ఉత్తరంతో పాటు డ్రైవరు నీకు నలభై కాగితాలు ఇస్తాడు. ఎదురింటితో మొదలుపెట్టి గుమ్మం గుమ్మానికీ ఇవ్వు. చివరికి నీ చేతిలో ఒకటి మిగులుతుంది. అది నీ ఇంటిది. అందరికీ రాసిన మాటే నీకూ రాశాను.

నీ చెల్లి