బంతిపూల రంగు కుషన్లు

రఘూ,

మన హాల్లో సోఫా ఇవాళ ఎంత బాగుందో తెలుసా! నువ్వు పోయాక ఇది మన రెండో పెళ్లిరోజు. ఈసారి ఊరికే కూర్చోలేక ఫ్రిస్కోలో షాపులన్నీ తిరిగి, బంతిపూల రంగు కుషన్లు ఐదు తెచ్చాను. సోఫా మీద అందానికి పరిచే త్రో బదులు మీ అమ్మ ఇచ్చిన పోచంపల్లి దుప్పటి వేశాను. ఎదురింటి పద్మ రాగానే, "ఈ త్రో ఎక్కడ కొన్నావ్? నాకూ లింక్ పంపవా!" అంది.

ఎప్పుడు కుషన్లు కొన్నా నువ్వు ధర ట్యాగ్ తీయనిచ్చేవాడివి కాదు. "ఉండనీవే, నచ్చకపోతే రిటర్న్ చేద్దాం" అంటూ కవర్ జిప్పులోకి దోపేసేవాడివి. పార్టీలో ఎవరో ఆనుకోగానే అది బయటికొచ్చి వేలాడేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అందుకే ఇవాళ కత్తెర తీసి ట్యాగులు చకచకా కత్తిరించేశాను. "అమ్మా, నాన్న చూస్తే ఫ్రీక్ అవుట్ అయిపోతాడు!" అని మన సిరి ఒకటే నవ్వు.

కత్తిరించింది నాలుగు కుషన్లకే. కిటికీ పక్కన, నువ్వు కూర్చునే మూలలో పెట్టిన ఐదోదానికి మాత్రం ట్యాగ్ అలాగే జిప్పులోకి దోపి ఉంచాను.

నీకు నచ్చాలి కదా.